ప్రళయం తర్వాతి కాస్మిక్ హారర్ ఆడియోబుక్: గుసగుసలు వినపడవు, అరుపులకి చెవులు అదిరిపోతాయి. ఎలా వినాలి?

#1 చీకటిగవ్వ

అందరికీ నమస్కారం. పుస్తకం 14 గంటలు, ఇంగ్లీష్, ఒకే కథకుడు, అక్కడక్కడ నేపథ్య ధ్వనులు. లోకం కూలిపోయి తరాలు గడిచాక నడిచే కథ. ఆకాశంలో ఉన్నదేదో మనుషుల్ని అసలు లెక్కలోకే తీసుకోదు, భయమంతా అక్కడే. లాక్ లేని ఎంపీ3 ఫైళ్లు, ఫోన్, బ్లూటూత్ ఇయర్‌బడ్స్.

మూడు సందేహాలు. గొంతు తగ్గించి చదివిన చోట వాల్యూమ్ పెంచితే తర్వాత వచ్చే అరుపుకి తల తిరుగుతోంది, దీనికి విరుగుడు ఏమిటి? 1.5 వేగంలో కథ అర్థమవుతోంది కానీ భయం పుట్టడం లేదు, వేగం వల్లేనా? పేర్లు, కాలాలు కలిసిపోతున్నాయి, ఎవరు ఎప్పటి సంగతి చెబుతున్నారో ఎలా పట్టుకోవాలి?

#2 తీగలమాస్టారు

చీకటిగవ్వ గారూ, మొదటి సందేహానికి లెక్క వేసి చూద్దాం.

ఆడియోబుక్‌లు అమ్మే ఆడిబుల్‌కి పుస్తకాలు చేర్చే ఏసీఎక్స్ కొలతలు ఇవి (ఫైల్‌లో పట్టే గరిష్ఠ మట్టం 0, మైనస్ అంకె దానికన్నా ఎంత కిందో చెబుతుంది): చదువు సగటు మట్టం మైనస్ 23కీ మైనస్ 18 డెసిబెల్స్‌కీ మధ్య ఉండాలి, ఎంత పెద్ద అరుపైనా మైనస్ 3 దాటకూడదు, ఎవరూ మాట్లాడని చోట రొద మైనస్ 60 కన్నా కింద ఉండాలి. మీ పుస్తకం సగటు మైనస్ 20 అనుకోండి. మామూలు చదువు చెవికి 60 డెసిబెల్స్‌లో చేరేలా వాల్యూమ్ పెడితే అరుపు కొస 77 దాకా పోతుంది. కథకుడు సగటు కన్నా 15 తగ్గి చదివితే అది 45. గదిలో రొద 30 ఉన్న రాత్రివేళ 45 హాయిగా వినపడుతుంది. అదే 70 రొద ఉన్న బస్సులో ఆ గుసగుసని రొదతో సమానం చేయాలన్నా 25 పెంచాలి. అప్పుడు అరుపు 102. మీరు చెప్పిన బాధ ఇదే. ఫైల్‌లో లోపం లేదు, చెవిలోనూ లేదు.

కాబట్టి మందు వేసే వరుస మారాలి. ముందు బయటి రొద తగ్గించాలి, తర్వాత చదువులోని ఎత్తుపల్లాలు తగ్గించాలి, వాల్యూమ్ మీటని ఆఖర్న ముట్టుకోవాలి.

రొద తగ్గించడంలో ఇయర్‌బడ్ రబ్బరు మూత కొలతే ముఖ్యం. బడ్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు కథకుడి గొంతు బరువెక్కి, వదలగానే పలచబడితే గాలి కారుతోందని అర్థం. ఒక సైజు పెద్దది వేయండి, లేదా ఫోమ్ మూతలు వాడండి. నాయిస్ క్యాన్సలింగ్ ఉంటే ఆన్ చేయండి. అది ఇంజిన్ మోత, ఫ్యాన్ మోత లాంటి మంద్రమైన, ఎడతెగని రొదని బాగా తీసేస్తుంది. 1000 హెర్ట్జ్ పైన దాని బలం పడిపోతుంది, అక్కడ కాపాడేది రబ్బరు మూత బిగింపే.

తర్వాత కంప్రెసర్, అంటే పెద్ద ధ్వనుల్ని దించి చిన్నవాటికి దగ్గర చేసే సాధనం. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడియో ఎఫెక్ట్స్ కింద ఉంటుంది. థ్రెషోల్డ్ (దించడం మొదలయ్యే మట్టం) మైనస్ 24, నిష్పత్తి (ఎంత దించాలో) 2.5కి 1, అటాక్ (దించడానికి పట్టే సమయం) 15 మిల్లీసెకన్లు, రిలీజ్ (మళ్లీ వదలడానికి పట్టే సమయం) 250, మేకప్ గెయిన్ (ఆఖర్న మొత్తం మీద పెంచేది) 5. హారర్‌కి ఇది మించి వద్దు. నిష్పత్తి 6, 8 పెట్టి రిలీజ్ 50కి దించితే వాక్యం ఆగగానే కథకుడి ఊపిరి, గది రొద ఉబికి పైకొస్తాయి, మళ్లీ మాట మొదలవగానే మునుగుతాయి. భయపెట్టాల్సిన నిశ్శబ్దం కొలిమితిత్తిలా ఊగుతుంది. మేకప్ గెయిన్ ఎంత పెంచితే అడుగు రొద కూడా అంతే పెరుగుతుందని గుర్తుంచుకోండి. 5 పెంచితే మైనస్ 60 కాస్తా మైనస్ 55. అంతవరకు పర్వాలేదు.

ఫోన్‌లోనే వినాలంటే కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ధ్వని ఎడిటర్‌లో ఇవే అంకెలతో ఒకసారి నడిపి, మోనో (ఎడమ, కుడి తేడా లేని ఒకే ధ్వని) 128 కేబీపీఎస్ బిట్‌రేట్‌లో (సెకను ధ్వనికి వాడే డేటా) కొత్త ఎంపీ3 తీసి ఫోన్‌లో వేసుకోండి. అసలు ఫైళ్లు పక్కన భద్రంగా ఉంచండి. ఎంపీ3ని మళ్లీ ఎంపీ3 చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, రెండోసారి మార్చాల్సి వస్తే అసలు దాన్నుంచే మొదలుపెట్టాలి.

#3 నాలుగోజాము

రెండో సందేహానికి సూటి జవాబు: అవును, వేగం వల్లే. అయితే అసలు దోషి ఇంకొకటి ఉండవచ్చు. ప్లేయర్‌లో "నిశ్శబ్దం దాటవేయి" లాంటి మీట ఆన్‌లో ఉందేమో చూడండి. ముందు దాన్ని ఆపండి.

ఇంగ్లీష్ కథకులు నిమిషానికి 150, 160 మాటలు చదువుతారు. 1.5లో అది 225 నుంచి 240 అవుతుంది. మాటలు అందుతాయి, అందుకే కథ అర్థమవుతోంది. కానీ హారర్ కథకుడు కావాలని వాక్యాల మధ్య 2 సెకన్లు ఆపుతాడు. 1.5లో ఆ ఆగడం 1.3 సెకన్లు అవుతుంది. దాటవేత మీట ఆన్‌లో ఉంటే అర సెకను కూడా మిగలదు. "తలుపు అవతల ఉన్నది ఊపిరి తీయడం లేదు" అన్నాక ఆ ఊపిరి లేకపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి మనసుకి దొరికే చోటు ఆ 2 సెకన్లే. మామూలు దెయ్యం కథలో ఏదో ఒకటి కనపడుతుంది. కాస్మిక్ హారర్‌లో ఏదీ పూర్తిగా కనపడదు. రచయిత వదిలేసిన ఖాళీని వినేవాళ్లే నింపాలి. ఆ ఖాళీ తీసేస్తే మిగిలేది సమాచారం.

1.0 దగ్గర మొదలుపెట్టండి. కథకుడు మరీ నిదానస్తుడైతే 1.1. అంతకు మించొద్దు.

#4 గుసగుస

నాలుగోజాము గారితో ఒక్కచోట విభేదిస్తాను. 14 గంటల పుస్తకంలో అన్ని గంటలూ భయానివి కావు. ప్రళయం తర్వాతి కథల్లో ప్రయాణం ఉంటుంది, సామాన్లు లెక్కపెట్టడం ఉంటుంది, శిథిలాల వర్ణన ఉంటుంది. వాటిని 1.25లో విని, భయం ఘట్టం దగ్గర 1.0కి దించవచ్చు కదా?

#5 నాలుగోజాము

గుసగుస గారూ, ఘట్టం మొదలైందని తెలిసేసరికి సగం అయిపోతుంది. ఈ రకం కథలో భయాన్ని నాటేది మీరు చెప్పిన ఆ సామాన్ల లెక్క దగ్గరే. పదకొండు డబ్బాలు అని ఒకచోట, మర్నాడు పది అని ఇంకోచోట. ఎవరూ దాని గురించి మాట్లాడరు. 1.25లో ఆ అంకె చెవిలో పడి జారిపోతుంది.

వేగం మార్చకుండా సమయం కలిసిరావాలంటే రోజుకో అధ్యాయం వినండి. 14 గంటలు మూడు వారాల్లో అయిపోతాయి.

#6 తీగలమాస్టారు

వేగం గురించి సాంకేతికంగా ఒక మాట. ప్లేయర్ వేగం మార్చేటప్పుడు గొంతు స్థాయి మారకుండా ఉండటానికి ధ్వనిని చిన్న చిన్న ముక్కలు చేసి, కొన్ని తీసేసి అతికిస్తుంది. మాటకి ఈ అతుకులు పెద్దగా తెలియవు. సాగే గాలిమోత, గంట మోగాక మిగిలే నాదం, మంద్రంగా కొనసాగే గుయ్‌మనే ధ్వని వీటిలో తెలుస్తాయి, వణికినట్టు వస్తాయి. నేపథ్య ధ్వనులున్న పుస్తకాన్ని 1.0లో వినమనడానికి ఇదింకో కారణం. నెమ్మది చేసినా అంతే. పాతకాలపు ఇంగ్లీష్ వాక్యాల కోసం 0.9 పెట్టుకోవచ్చు. 0.8 కిందికి దిగితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది.

#7 పుటలమధ్య

మూడో సందేహం నాకు ఇష్టమైనది. కాస్త పొడవుగా రాస్తున్నాను.

అచ్చు పుస్తకంలో ఉత్తరం వస్తే అక్షరాలు వాలిపోతాయి, డైరీ వస్తే పైన తేదీ ఉంటుంది, కాలం మారితే ఖాళీ గీత ఉంటుంది. ఆడియోలో ఇవేవీ లేవు, అన్నిటికీ ఒకే గొంతు. ఈ జానర్‌లో కథలో కథ చాలా ఎక్కువ: ఇప్పటి మనిషికి దొరికిన పాత డైరీ, ఆ డైరీలో ఇంకెవరో చెప్పిన సాక్ష్యం. పొరలు తప్పితే భయం కూడా తప్పుతుంది, ఎందుకంటే "ఇది రాసినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు" అన్నదే చాలాసార్లు అసలు ప్రశ్న.

ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటిది: ఎవరు చెబుతున్నారు. రెండోది: పతనానికి ముందా, తర్వాతా, తర్వాతైతే ఎన్నేళ్లకి. మూడోది: ఆ మనిషి కళ్లారా చూసిందేమిటి, ఊహించిందేమిటి. ఊహించినదానికి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. అధ్యాయానికి రెండు మూడు వరుసలు చాలు. ఎక్కువ రాస్తే వినడం మాని రాయడం మొదలవుతుంది.

పేర్ల విషయంలో తెలుగు లిపి గొప్ప ఆసరా. కల్పిత నగరాలు, దేవతలు, తెగల పేర్లకి ఇంగ్లీష్ స్పెల్లింగ్ మనకి తెలియదు, ఊహించి రాస్తే రేపు మనకే అర్థం కాదు. తెలుగులో విన్నది విన్నట్టు రాయండి. ఒత్తు పలికితే ఒత్తు పెట్టండి, దీర్ఘం లాగితే దీర్ఘం పెట్టండి. తర్వాత ఆ పేరు మళ్లీ వచ్చినప్పుడు కథకుడు ఒక అక్షరం మార్చి పలికితే వెంటనే దొరికిపోతుంది. కొన్ని పుస్తకాల్లో ఆ మార్పు పొరపాటు కాదు, కథే.

పేరుని మాత్రం నెట్‌లో వెతకొద్దు. వెతుకులాట పెట్టెలో పేరు కొట్టగానే పక్కన వచ్చే సూచనల్లోనే ముగింపు తెలిసిపోతుంది.

#8 వేదిక నిర్వాహకులు

పుస్తకాల ముగింపులు ఈ చర్చలో రాయవద్దు. చదువు, వినికిడి, సెట్టింగుల వరకే ఉంచండి.

#9 ఉల్క_77

ఒక సందేహం. ఇలాంటి పుస్తకాల్లో చెవికి వినపడని 19 హెర్ట్జ్ ధ్వని కలుపుతారని, అందుకే గుండె దడ వస్తుందని అంటారు. నిజమేనా?

#10 తీగలమాస్టారు

ఆ 19 కథకి మూలం ఉంది ఉల్క గారూ. విక్ టాండీ అనే ఇంజినీరు సహ రచయితతో కలిసి 1998లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఒక ప్రయోగశాలలో మనుషులకి కలిగిన బెదురుకి, అక్కడి ఫ్యాన్ వల్ల గదిలో నిలబడిపోయిన సుమారు 19 హెర్ట్జ్ గాలి కంపనం కారణమని అందులో ప్రతిపాదించాడు. గమనించండి, అది గది నిండా ఉన్న గాలి ఊగడం. ఒళ్లంతటికీ తగులుతుంది.

ఆడియోబుక్‌లో అది కుదరదు. గొంతు రికార్డింగ్‌లో 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని మామూలుగానే కోసేస్తారు, మైకు స్టాండు అదురు, ఏసీ మోత పోవడానికి. ఒకవేళ నేపథ్యంలో కలిపినా చెవిలో పెట్టే చిన్న బడ్ ఛాతీని ఊపలేదు.

దడకి వేరే పద్ధతులున్నాయి. ఒకటి, 60 నుంచి 120 హెర్ట్జ్ మధ్య సన్నగా సాగే మంద్రనాదం. మూత సరిగా బిగిస్తేనే వినపడుతుంది. ఫోన్ స్పీకర్‌లో పూర్తిగా పోతుంది. రెండోది, రోజర్ షెపర్డ్ 1964లో వివరించిన స్వరభ్రమ. ఒకదానికొకటి అష్టకం (ఆక్టేవ్, అంటే రెట్టింపు కంపనం) దూరంలో ఉన్న ధ్వనులు అన్నీ కలిసి పైకి జరుగుతుంటాయి, పైవి మెల్లగా మాయమవుతుంటే కింద కొత్తవి పుడుతుంటాయి. చెవికి ధ్వని ఎప్పటికీ ఎక్కుతూనే ఉన్నట్టుంటుంది, ఎక్కడికీ చేరదు. ఆకాశం కుంగుతున్న ఘట్టాలకి దీన్ని మించినది లేదు.

మూడోది అరుపు. 2015లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం అరుపులో ధ్వని తీవ్రత సెకనుకి 30 నుంచి 150 సార్లు కంపిస్తుంది. మామూలు మాటలో ఈ హెచ్చుతగ్గులు సెకనుకి నాలుగైదు సార్లే. ఆ గరుకుతనమే మెదడుకి ప్రమాద సంకేతం. అందుకే అరుపు మట్టం దించినా దాని పదును పోదు. చీకటిగవ్వ గారూ, కంప్రెసర్ వేస్తే భయం తగ్గుతుందేమోనని ఆలోచిస్తుంటే, తగ్గదు. చెవి నొప్పి మాత్రం తగ్గుతుంది.

#11 చీకటిగవ్వ

నాలుగోజాము గారూ, దాటవేత మీట నిజంగానే ఆన్‌లో ఉంది, తీసేశాను. ఇంకో చిక్కు: బుక్‌మార్క్ పెట్టిన చోటికి వెళ్తే అర నిమిషం అటో ఇటో పడుతోంది. స్క్రీన్ ఆపేసిన కొంతసేపటికి ప్లేయర్ దానంతటదే ఆగిపోతోంది కూడా.

#12 ఉల్క_77

ఆగిపోవడం బ్యాటరీ ఆప్టిమైజేషన్ వల్ల. ఫోన్ సెట్టింగుల్లో ఆ ప్లేయర్ యాప్ ఒక్కదానికి దాన్ని తీసేయండి.

#13 తీగలమాస్టారు

బుక్‌మార్క్ జరగడం చాలావరకు వీబీఆర్ ఎంపీ3 లక్షణం. బిట్‌రేట్ మారుతూ పోయే ఫైల్‌లో ఫలానా నిమిషం ఎక్కడుందో చెప్పడానికి మొదట్లో ఒక పట్టిక ఉంటుంది. అందులో 100 గుర్తులే ఉంటాయి. ఫైల్ 2 గంటలదైతే గుర్తుకీ గుర్తుకీ మధ్య 72 సెకన్లు. మధ్యలో ఎక్కడ పడాలో ప్లేయర్ అంచనా వేస్తుంది, అంచనా తప్పుతుంది. బిట్‌రేట్ మారని సీబీఆర్‌లో ఈ బాధ లేదు, లెక్క సూటిగా ఉంటుంది. ఏసీఎక్స్ కూడా 192 కేబీపీఎస్ లేదా ఆపైన సీబీఆరే అడుగుతుంది.

ఎలాగూ ఆడాసిటీలో నడుపుతున్నారు కనుక బయటికి తీసేటప్పుడు "కాన్‌స్టంట్" ఎంచుకోండి. మోనో 128లో గంటకి 57.6 ఎంబీ, మీ 14 గంటలకి 806 ఎంబీ. మాట ఒక్కటే ఉన్న పుస్తకానికి 64 చాలు, 403 ఎంబీతో సరిపోతుంది. నేపథ్య ధ్వనులున్నాయి కాబట్టి మీకు 128 చెప్పాను. ధ్వనులు ఎడమకీ కుడికీ కదిలే స్టీరియో పుస్తకమైతే మోనో చేయొద్దు, వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుడు నడినెత్తిన ఇరుక్కుంటుంది.

#14 గుసగుస

మోనో సంగతి వచ్చింది కాబట్టి: ఒక్క చెవిలోనే బడ్ పెట్టుకుని వినేవాళ్లు ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్ చేయాలి. లేకపోతే రెండో వైపు పలికే పాత్ర మాట పూర్తిగా పోవచ్చు. రోడ్డు మీద నడుస్తూ వినేటప్పుడు రెండు చెవులూ మూయకండి. భయం కథలో మునిగిన మనిషికి హారన్ ఆలస్యంగా వినపడుతుంది.

రెండు చెవుల కోసం బైనారల్‌గా రికార్డు చేసిన నాటకాలు మాత్రం హెడ్‌ఫోన్స్‌లోనే వినాలి. స్పీకర్లలో కుడి ధ్వని ఎడమ చెవికీ చేరిపోయి దిక్కులన్నీ కలిసిపోతాయి.

#15 నాలుగోజాము

వినే పరిస్థితి గురించి ఎవరూ రాయలేదు, అది సెట్టింగులంత ముఖ్యం.

పని చేసుకుంటూ వినవచ్చు, కానీ ఏ పని అన్నది చూసుకోవాలి. బట్టలు మడతపెట్టడం, గది సర్దడం మంచివి. నీళ్ల కుళాయి దగ్గర పని వద్దు. పారే నీటి చప్పుడు అన్ని స్థాయిల్లోనూ పరుచుకుని ఉంటుంది, హల్లుల్ని మింగేస్తుంది. నాయిస్ క్యాన్సలింగ్ దాన్ని పూర్తిగా ఆపలేదు. మాటలతో ముడిపడిన పని అసలే వద్దు: మెసేజీలు చదవడం, ఉత్తరం రాయడం. రెండు మాటల ప్రవాహాల్ని మనసు ఒకేసారి పట్టుకోలేదు, కథే ఓడిపోతుంది.

చెవులు బిగించి నడిస్తే సొంత అడుగులు, గుటక చప్పుడు లోపలినుంచి పెద్దగా వినపడతాయి. చెవి ద్వారం మూసుకుంటే ఎముకల గుండా వచ్చే శబ్దం బయటికి పోలేక అలా అవుతుంది. ఈ జానర్‌లో అది కథలోని చప్పుడే అనిపిస్తుంది. కొందరికి అది అదనపు రుచి. చిరాకనిపిస్తే కూర్చుని వినాలి.

చీకటి గది తప్పనిసరి కాదు. కళ్లు మూసుకుంటే చాలు.

#16 ఉల్క_77

నిద్రకి ముందు వినవచ్చా?

#17 నాలుగోజాము

వినవచ్చు, రెండు జాగ్రత్తలతో. స్లీప్ టైమర్ 15 నిమిషాలకి పెట్టండి, "అధ్యాయం చివరిదాకా" వద్దు. ఈ పుస్తకాల్లో అధ్యాయం చివర్లోనే దెబ్బ ఉంటుంది, సగం నిద్రలో అది పడితే అటు కథా పోతుంది, ఇటు నిద్రా పోతుంది. మర్నాడు ఆగిన చోటునుంచి కాక టైమర్ మొదలుపెట్టిన చోటికి వెనక్కి వెళ్లి వినండి. నిద్రమబ్బులో విన్నది విన్నట్టే అనిపిస్తుంది, గుర్తు మాత్రం ఉండదు.

రెండోది, తర్వాతి ఫైల్ దానంతటదే మొదలవకుండా చూడండి.

#18 పుటలమధ్య

మొదలుపెట్టే ముందు కంటెంట్ హెచ్చరికలు చూసుకోవడం గురించి కూడా చెప్పాలి. ఈ రెండు జానర్లు కలిసిన చోట ఆత్మహత్య, పిల్లల మీద హింస, శరీరం రూపు మారిపోవడం, మతోన్మాద గుంపులు తరచుగా వస్తాయి. అచ్చులో అయితే కన్ను ఒక పేరా దాటేస్తుంది. ఆడియోలో చెయ్యి మీట మీదకి వెళ్లేలోపు వాక్యం చెవిలో పడిపోతుంది. 30 సెకన్లు ముందుకి దాటే మీట ఎక్కడుందో, బడ్‌ని ఎన్నిసార్లు తడితే అది జరుగుతుందో ముందే చేతికి అలవాటు చేసుకోండి. పుస్తకం ఆపేయడం ఓటమి కాదు. భయం వేరు, గాయం వేరు.

కొనే ముందు దొరికే నమూనాలో కథ వినకండి, కథకుణ్ని వినండి. వాక్యం చివర గొంతు ప్రతిసారీ ఒకేలా పడిపోతోందా? అలా అయితే 14 గంటలు మోయలేరు. స, శ, ష పలికినప్పుడు చెవిలో గుచ్చుకుంటోందా? అమానుషమైన గొంతుకి యంత్రంతో మార్పులు చేశారా, లేక మామూలు గొంతుతోనే లయ మార్చి పలికాడా? నా ఓటు రెండోదానికి. యంత్రపు గొంతు వినగానే దానికో ఆకారం వచ్చేస్తుంది, ఆకారం వచ్చాక విశ్వమంత భయం గదంతకి కుదించుకుపోతుంది.

#19 గుసగుస

ఆ మాటతో ఏకీభవించలేను పుటలమధ్య గారూ. అనేక గొంతులతో చేసిన నిర్మాణంలో మంచి ధ్వని రూపకర్త ఉంటే గొంతుని మార్చరు, గది మారుస్తారు. అదే మనిషి మాట హఠాత్తుగా చాలా పెద్ద హాల్లోంచి వచ్చినట్టు ప్రతిధ్వనిస్తుంది, కథలో మాత్రం అతను చిన్న కొట్లోనే ఉంటాడు. ఒక్క మాట వర్ణన లేకుండా చోటు తప్పిపోయిందని తెలుస్తుంది. ఇది అచ్చులో కుదరదు, ఒంటరి కథకుడికీ కుదరదు.

#20 పుటలమధ్య

ఆ పద్ధతికి నా అభ్యంతరం లేదు, మంచి ఉదాహరణ ఇచ్చారు. నా కోపం గొంతు మీద వేసే గుర్‌గుర్ మార్పుల మీదే.

#21 తీగలమాస్టారు

స, శ గుచ్చుకోవడానికి ఈక్వలైజర్‌లో (ధ్వనిని స్థాయిల వారీగా పెంచే, తగ్గించే సాధనం) 6 నుంచి 8 వేల హెర్ట్జ్ మధ్య 2, 3 డెసిబెల్స్ తగ్గించండి. మాట మసకగా ఉంటే 3 వేల దగ్గర 2 పెంచండి. గొంతు డప్పులా ఉంటే 250 దగ్గర 3 తగ్గించండి. పాటలకి పెట్టుకున్న బేస్ బూస్ట్ మాత్రం తీసేయండి. మంద్ర ధ్వనులు తమ పైనున్న ధ్వనుల్ని కప్పేస్తాయి, పోయేది హల్లుల స్పష్టత.

ఇంకొకటి, ఎంతసేపు వినాలన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పే హద్దు వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెంపుకీ సమయం సగమవుతుంది: 83లో 20 గంటలు, 86లో 10. మీ పుస్తకం ఒకే వారంలో 86లో వింటే 14 గంటలకి హద్దు దాటిపోతుంది. 60, 65లో వింటే ఆ ఆలోచనే అక్కర్లేదు.

#22 ఉల్క_77

ఈ జానర్ ఉచితంగా, చట్టబద్ధంగా వినడానికి ఏమైనా ఉన్నాయా?

#23 నాలుగోజాము

కాపీరైట్ తీరిన పాత పుస్తకాల్ని స్వచ్ఛంద కథకులు చదివి పెట్టే లిబ్రివాక్స్ 2005 నుంచి ఉంది. ఈ జానర్ తొలిరూపం కావాలంటే విలియం హోప్ హాడ్జ్‌సన్ 1912లో రాసిన 'ద నైట్ ల్యాండ్' గురించి తెలుసుకోండి. సూర్యుడు ఆరిపోయిన భూమి, చివరి మనుషులు తలదాచుకున్న మహా పిరమిడ్, బయట చీకట్లో కాచుకుని ఉన్నవి. అయితే మొదటి పుస్తకంగా చెప్పను. కావాలని పాతకాలపు ఇంగ్లీష్‌లో రాశాడు, సంభాషణలు దాదాపు ఉండవు, చాలా పొడవు. ఇందాక మాస్టారు చెప్పిన 0.9 వేగం ఇలాంటి వాక్యాలకే.

లిబ్రివాక్స్‌లో ఒక్కరే చదివినవి, అధ్యాయానికొకరు చదివినవి అని రెండు రకాలు. హారర్‌కి ఒక్కరే చదివినది ఎంచుకోండి. ప్రతి ఫైల్ మొదట్లో ఇది లిబ్రివాక్స్ రికార్డింగ్ అనే ప్రకటన ఉంటుంది, దాన్ని దాటుకుని మొదలుపెట్టండి.

#24 తీగలమాస్టారు

లిబ్రివాక్స్ ఫైళ్లు 128 కేబీపీఎస్. వాళ్లు పెట్టుకున్న మట్టం 89 డెసిబెల్స్ అని చూసి కంగారు పడొద్దు. అది ఫైళ్లని ఒకదానితో ఒకటి సరిపోల్చే కొలత, చెవికి చేరే తీవ్రత కాదు.

#25 చీకటిగవ్వ

అందరికీ కృతజ్ఞతలు. కంప్రెసర్ మాస్టారు చెప్పిన అంకెలతో, 128 సీబీఆర్, వేగం 1.0, కాగితం మీద మూడు గడులు. ఒక్కటి మిగిలింది: కథకుడు "ఏడో అధ్యాయం" అంటుంటే ఫైల్ సంఖ్య 9 చూపిస్తోంది. ఏమైనా పోయాయా?

#26 పుటలమధ్య

పోలేదు. 1 మొదటి క్రెడిట్లు, 2 ముందుమాటో నాందో అయ్యుంటుంది, అందుకే రెండు తేడా. తేడా మధ్యలో మారితే, అంటే 15వ అధ్యాయం దగ్గర అది మూడైతే, నడుమ అంకె లేని విరామ భాగం ఒకటి ఉందని అర్థం. దాన్ని దాటేయకండి, డైరీలు, సాక్ష్యాలు వచ్చేది అక్కడే. ఆఖరి ఫైల్ ముగింపు క్రెడిట్లు. దానికి ముందు ఫైల్ మూడు నాలుగు నిమిషాలే ఉంటే అది ఉపసంహారం. చివరి అధ్యాయంతో పాటే దాన్నీ ఒకే విడతలో వినేలా సమయం చూసుకోండి.